అద్దం మేస్త్రి పూడ్చిన నంబరు

తాత చేతులకు ఒక జబ్బు ఉంది. గరుకు తగిలితే ఊరుకోవు. ఎవరింటికి వెళ్ళినా, కూర్చున్న కుర్చీ అంచు మీద బొటనవేలు దానంతటదే తిరుగుతూ ఉంటుంది, ఎక్కడైనా పెచ్చు లేచిందేమోనని. లేచిందో, ఇక ఆయనకు కాఫీ కూడా సహించదు. ఇంట్లో బల్ల అంచులు, కత్తిపీట పిడి, తలుపు గడియలు అన్నీ ఆయన చేతిలో నునుపు తేలినవే. చీపురు కర్రకు వార్నిష్ వేసిన ఇల్లు ఆ వీధిలో అదొక్కటే.

"నయం, నా ముఖాన ముడతలు రాకముందే పెళ్ళి చేసుకున్నారు. ఇప్పుడు చూసి ఉంటే పుట్టీ పెట్టి రుద్దేవారు," అనేది నానమ్మ.

తాత పని దెబ్బతిన్న కార్లను మళ్ళీ మామూలుగా చేయడం. సొట్టలు లాగడం, తుప్పు గీకడం, పుట్టీ పెట్టడం, రంగు కొట్టడం. మీసాలు రాకముందు ఆ రేకుల షెడ్డులో అడుగు పెట్టాడు, మీసాలు నెరిసినా బయటికి రాలేదు. షెడ్డు నేల మీద ఇన్నేళ్ళుగా రాలిన రంగులు పొర మీద పొర పేరుకుని గట్టిపడ్డాయి. ఊళ్ళో తిరిగే కార్లలో సగం రంగులు అక్కడ లెక్కకు దొరుకుతాయి. సొట్ట పూర్తిగా పోయిందో లేదో చూడడానికి ఆయన కళ్ళు మూసుకునేవాడు. మెత్తటి పాత గుడ్డ అరచేతి కింద పెట్టుకుని రేకు మీద నెమ్మదిగా జరిపేవాడు. కంటికి దొరకని ఎత్తుపల్లాలు గుడ్డ కింద దొరుకుతాయట. దెబ్బ ఎక్కడ తగిలిందో చివరికి బండి సొంతదారుడికే తెలియకూడదు, అదీ ఆయన పట్టుదల. అందుకే ఆయన్ని అందరూ అద్దం మేస్త్రి అనేవారు. తాతకు ఆ పేరంటే ఎంత ఇష్టమంటే, ఎవరైనా ఉత్త మేస్త్రీ అని పిలిస్తే ఒక క్షణం ఆగి పలికేవాడు.

ఆ కారు ఆయన చేతికి వచ్చిన కథ చిన్నదే. గడియారాలు బాగుచేసే షాపాయన ఒకరోజు దీపస్తంభాన్ని గుద్దేసి, ముక్కు చితికిన కారును తాళ్ళతో లాగించుకుని షెడ్డుకు తెచ్చాడు. బాగుచేయడానికి ఎంతవుతుందో తాత చెప్పగానే ఆయన చేతులెత్తేశాడు.

"ఇక నేను తోలను మేస్త్రీ. ఆ స్తంభం నాకు చెప్పాల్సింది చెప్పేసింది. నీకు తోచింది ఇచ్చి నువ్వే ఉంచేసుకో."

"మరి బండి కాగితాలు?"

"బీరువాలో ఎక్కడో ఉన్నాయి. వెతికి పంపిస్తాగా."

తాత సరేనన్నాడు. షెడ్డులో పనంతా నోటిమాట మీదే నడిచేది. ఫలానా రోజుకు ఇస్తానంటే ఇచ్చేవాడు, ఇస్తామన్నవాళ్ళు తెచ్చిచ్చేవాళ్ళు. మాటిచ్చిన మనిషిని మళ్ళీ కాగితం అడగడమంటే ముఖం మీద అబద్ధాలకోరువని అనడమే అనుకునేవాడు. ఆ సాయంత్రం నానమ్మ మాత్రం అడగనే అడిగింది.

"కాగితం ఏదండీ?"

"మాటిచ్చాడే. పెద్దమనిషి."

"మాటని ముందు అద్దానికి అంటించుకుని తిరుగుతారా?"

కాగితం రాలేదు. షాపాయన ఇల్లు మారాడు, ఆ తర్వాత షాపూ మూసేశాడు. కారు షెడ్డు వెనక మూలన పడి ఉంది. అందులో పిల్లులు కాపురం పెట్టి పిల్లల్ని కన్నాయి. తాత దాని సంగతే మరిచిపోయాడు.

నానమ్మకు పక్షవాతం వచ్చిన ఏడాది మళ్ళీ గుర్తొచ్చింది.

కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయాయి. మాట మాత్రం పోలేదు, పదును కూడా తగ్గలేదు. కుడి చెయ్యి పిడికిలిలా బిగుసుకుపోయింది. కసరత్తు చేయించే చోటుకు వారం వారం వెళ్ళాలి. టాక్సీల్లో సీట్లు లోతుగా ఉంటాయి. ఒకరు చంకల కింద, ఒకరు మోకాళ్ళ కింద పట్టుకుని ఎత్తి లోపలికి తోయాలి. ఒకసారి డ్రైవరు "ఎత్తు, ఇంకొంచెం ఎత్తు, ఆఁ, వదిలెయ్," అంటుంటే నానమ్మకు రోషం వచ్చింది.

"నేనేమన్నా సిమెంటు బస్తానా నాయనా?"

ఇంటికొచ్చాక గోడవైపు తిరిగి పడుకుంది. ఇక ఎక్కడికీ రానంది. అన్నం కూడా వద్దంది.

తాత ఆ మర్నాడే మూలనున్న కారును బయటికి లాగాడు. నిజానికి ఆమె ఆసుపత్రిలో తెలివి లేకుండా పడి ఉన్నప్పుడే, ఇంట్లో కూర్చోలేక, ఆ కారు ముందుభాగం సగం బాగుచేసి పెట్టాడు. ఇప్పుడు మిగతాదంతా పూర్తి చేశాడు. ముందు సీటు ఎత్తు పెంచాడు. మూలపడ్డ మంగలికుర్చీ ఒకటి కొని, దాని తిరుగుడు పళ్ళేన్ని సీటు కింద బిగించాడు. తలుపు తీసి చిన్న మీట నొక్కితే సీటు బయటికి తిరుగుతుంది. నానమ్మ దాని మీద కూర్చోవడం, మీట నొక్కడం, మెల్లగా లోపలికి తిరగడం. ఎవరూ ఎత్తనక్కర్లేదు, ఎవరూ తోయనక్కర్లేదు. మొదటిసారి తిరిగినప్పుడు ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది.

"క్షవరం కూడా చేస్తారా, ఉత్త సవారీయేనా?"

అలా వారం వారం వెళ్ళి వస్తుంటే నానమ్మ బొటనవేలు విడింది. తర్వాత చూపుడువేలు. ఒకరోజు చేతిరుమాలు పట్టుకుని, పడిపోకుండా నిలిపింది. కసరత్తు చేయించే అతను బాగా సంతోషించాడు గాని, వాళ్ళు బయల్దేరే ముందు ఒక మాట అన్నాడు: "ఆపకండి తాతగారూ. ఆపితే మళ్ళీ ముడుచుకుంటుంది. ఒకసారి ముడుచుకున్నది రెండోసారి విడుతుందని చెప్పలేం."

సరిగ్గా అప్పుడే రోడ్డు మీద బళ్ళు ఆపి కాగితాలు చూడడం మొదలైంది. పోలీసతను మర్యాదస్థుడే. కారు కిటికీలోంచి నానమ్మను చూసి గొంతు కూడా తగ్గించాడు.

"కాగితం లేకుండా వదల్లేను పెద్దాయనా. బండిని బళ్ళ ఆఫీసు ఆవరణలో ఉంచుతాం. మీ పేర కాగితం తెచ్చుకుని తీసుకెళ్ళండి. గడువు దాటితే తుక్కు కిందికి పోతుంది."

కాగితం లేని కారు ఇదొక్కటే కాదు, కాని మంగలికుర్చీ సీటున్న కారు ఇదొక్కటే. అది తుక్కయితే నానమ్మ గది దాటదు. ఆ సంగతి తాతకు తెలుసు, నానమ్మకూ తెలుసు. దారిన పోయేవాళ్ళు ఇద్దరు కలిసి ఆమెను ఇంటికెళ్ళే వ్యానులోకి ఎత్తుతుంటే తాతా నానమ్మా ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

బళ్ళ ఆఫీసు గేటు పక్కన పెద్ద నల్ల గొడుగు కింద ఒకాయన బల్ల వేసుకుని కూర్చునేవాడు. అర్జీలు రాసిపెట్టడం ఆయన పని. గొడుగాయన అంటే తెలియనివారు లేరు. ఆయన తాతకు దారి చెప్పాడు.

"కారు ఎవరి పేరున ఉందో ఆయన వచ్చి, అమ్మానని సంతకం పెట్టాలి. అది దొంగతనం అయిన బండి కాదని పోలీసులు రాసివ్వాలి. ఆ తర్వాత ఇక్కడ బళ్ళు తనిఖీ చేసే మేడమ్ బండి చూస్తారు. అంతే. అసలు చిక్కల్లా అమ్మినాయన బతికున్నాడా అన్నదే."

షాపాయన అప్పటికే పెద్దవాడు. తాత కూతురు నాలుగు వీధులు తిరిగి, పాత షాపు పక్కవాళ్ళనీ వాళ్ళ పక్కవాళ్ళనీ అడిగి చివరికి ఆయన్ని పట్టుకుని, తాతను తీసుకెళ్ళింది. ఊరి అవతలి కొసన, మేడ మీద గదిలో, కంటికి భూతద్దం తగిలించుకుని ఎవరిదో గడియారం విప్పుకుని కూర్చుని ఉన్నాడు.

"ఆ కారా! నువ్వు దాన్ని ఎప్పుడో ముక్కలు చేసి ఇనుపకొట్టుకు వేసుంటావనుకున్నానే!"

"కాగితం పంపిస్తానన్నారు కదండీ," అన్నాడు తాత మెల్లగా.

షాపాయన భూతద్దం తీసేశాడు. ముఖం ఎర్రబడింది. "ఇల్లు మారేటప్పుడు పోయింది మేస్త్రీ. నువ్వు అడుగుతావని చూశాను. నువ్వు అడగలేదు. అక్కర్లేదేమో అనుకున్నాను." లేచి చొక్కా తొడుక్కున్నాడు. "పద. సంతకమేగా. ఎన్ని చోట్ల కావాలంటే అన్ని చోట్ల గీకుతాను."

అన్నట్టే ఆఫీసుకు వచ్చి పెట్టాడు. పోలీసులు కూడా రాసిచ్చారు. ఆ రోజు తాత ఇంటికి ఈల వేసుకుంటూ వచ్చాడు. ఆయన ఈల వేయడం నానమ్మ పెళ్ళైన కొత్తలో విన్నదే, మళ్ళీ వినలేదు.

"ఇప్పుడే ఊదకండి. ఇంకా గుమ్మం దాటలేదు," అంది.

మేడమ్ కారు చూసిన రోజు ఎండ మండిపోతోంది. ఆమె నిదానంగా, ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చే మనిషి. బానెట్ ఎత్తించి, టార్చిలైటు వేసి, ఇంజను వెనక అడ్డురేకు మీదకు వంగింది. ఫ్యాక్టరీవాళ్ళు బండి ఛాసిస్ నంబరు అంకెలు రేకులోకి దిగేలా కొట్టేది అక్కడే. అక్కడ అంకె లేదు. గీత లేదు. మచ్చ లేదు. ఆమె వేలితో తడిమి చూసింది.

"అబ్బ! ఎంత బాగా వచ్చిందండీ ఈ ఫినిషింగు. ఎవరు చేశారు?"

మెచ్చుకుంటే తాత నోరు ఆగదు. అది ఆయనకున్న రెండో జబ్బు.

"నేనే మేడమ్. మీసాలు రాకముందు నుంచీ ఇదే పని. ఈ చేతులే చేశాయి," అంటూ రెండు చేతులూ చాపి చూపించాడు కూడా.

మేడమ్ టార్చి ఆర్పేసింది.

"ఇక్కడ బండి నంబరు ఉండాలి పెద్దాయనా. అంటే, దాన్ని చెరిపింది మీరేనన్న మాట."

తాత చాపిన చేతులు అలాగే ఉండిపోయాయి. ఎదటివాళ్ళ బళ్ళ విషయంలో అయితే నంబరు చోట కాగితం అంటించి, దాని మీద చెయ్యి పడకుండా చూసుకునేవాడు. షెడ్డులో పని నేర్చుకున్న ప్రతివాడికీ మొదట చెప్పేది అదే. సొంత బండికి వచ్చేసరికి ఎవరు అడుగుతారులే అనుకున్నాడో, అసలేమీ అనుకోలేదో.

"ఇంజను మీద నంబరు ఉంది కదా మేడమ్?" అంది వెంట వచ్చిన కూతురు.

"ఇంజను మార్చుకోవచ్చమ్మా, ఒళ్ళు మార్చుకోలేం. ఒంటి మీద అంకెలే బండికి వేలిముద్ర. నాకు మీ నాన్నగారి మీద అనుమానం లేదు. కాని రేపు నా మీదవాళ్ళు అడిగితే ఏం చూపించను?" మేడమ్ బానెట్ దింపించింది. "ఒక పని చేయండి. వచ్చే వారం నా ఎదురుగా, ఇక్కడే, ఆ రంగు మీరే ఊడదీయండి. కింద నంబరు ఉండి, మా రికార్డుతో కలిస్తే కాగితం ఇస్తాను. లేకపోతే నేను చేయగలిగింది లేదు."

గేటు దగ్గర గొడుగాయన తాతను చేయి పట్టుకుని నీడలోకి లాగాడు.

"మేస్త్రీ, నువ్వు తుప్పు పట్టిన రేకును గ్రైండరు పెట్టి గీకకుండా పుట్టీ పెట్టే రకం కాదు. ఇక ఆ నంబరు ఎక్కడుంటుంది? నాకు తెలిసినవాడు ఒకడున్నాడు. కాపలావాడితో మాట్లాడుకుంటే, ఈలోపే అంకెలు అచ్చంగా పాతవాటిలా కొట్టేస్తాడు. పైన నీ రంగు నువ్వే వేసుకో. ఆనక ఆవిడ ముందు నువ్వే ఊడదీయి. ఎవరికి తెలుస్తుంది?"

తాత వద్దనలేదు. ఆలోచిస్తానన్నాడు.

ఇంట్లో నానమ్మ దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. తాత అంతా చెప్పాడు, తన గొప్ప తాను చెప్పుకుని ఇరుక్కున్న సంగతితో సహా. ఇంకో రోజైతే ఆ ఒక్క ముక్క మీద ఆమె నెల్లాళ్ళు నవ్వేది.

"ముందు గ్రైండరు పెట్టారా, నేరుగా పుట్టీ పెట్టారా?" అనడిగింది.

"గుర్తులేదే."

"అదేమిటి, చీపురుకు ఎన్ని పూతలు వేశారో కూడా చెబుతారుగా!"

"అప్పుడు నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు. చేతులు ఏం చేశాయో నాకు తెలీదు." తాత చేతులు తిప్పి చూసుకున్నాడు. "గీకే ఉంటాను. తుప్పు మీద పుట్టీ పెట్టేవాడు మేస్త్రి కాడని అందరికీ చెప్పినవాణ్ణి నేనేగా."

తర్వాత గొడుగాయన చెప్పింది కూడా చెప్పాడు. నానమ్మ కళ్ళెర్ర చేసింది.

"దొంగ బండిలో తిప్పుతారా నన్ను?"

"దొంగది కాదే. మనదే."

"మనదాన్ని మనమే దొంగదాన్ని చేసి, మళ్ళీ మనది చేసుకుంటామా? ఆ తెలివేదో ఆ రోజు కాగితం అడగడంలో చూపించాల్సింది." ఆమె గొంతు తగ్గింది. "పోతే పోనివ్వండి. ఇంట్లోనే ఉంటాను. ఇప్పుడు కొత్తగా చూడాల్సిన ఊళ్ళేమున్నాయి?"

ఆమె కుడి చెయ్యి దుప్పటి కింద ఎందుకు దాచుకుందో తాతకు అప్పుడర్థమైంది. దుప్పటి తొలగించాడు. చూపుడువేలు మళ్ళీ లోపలికి ముడుచుకుంది. బొటనవేలు దాని మీద గొళ్ళెంలా పడి ఉంది. కారు ఆగినప్పటి నుంచీ కూతురు ఇంట్లో చేతనైనంత చేయిస్తూనే ఉంది గాని, అది చాలలేదు. మర్నాడు గొడుగాయన దగ్గరికి వెళ్ళి వద్దని చెప్పి వచ్చాడు.

ఊడదీసే రోజున ఆఫీసు ఆవరణలో జనం బాగానే పోగయ్యారు. తాత ఇనుప పనిముట్టు ఏదీ తేలేదు. చెక్క చీలికలు చెక్కుకుని తెచ్చాడు, రేకు మీద గీత పడకుండా. థిన్నరులో ముంచిన గుడ్డ అడ్డురేకు మీద పరిచి, రంగు మెత్తబడేదాకా ఆగాడు. మేడమ్ కుర్చీ తెప్పించుకుని పక్కనే కూర్చుంది.

పైరంగు చర్మంలా లేచింది. దాని కింద బూడిదరంగు పూత. తాను అద్దంలా చేసినదాన్ని తానే పాడుచేస్తుంటే, ఎవరి ముఖాన్నో గోళ్ళతో రక్కుతున్నట్టుంది ఆయనకు. పుట్టీ దాకా వచ్చి ఆగాడు. దీని కింద రేకు తెల్లగా మెరుస్తూ ఉంటే గ్రైండరు పెట్టినట్టే. అంకెలు కూడా ఆ గ్రైండరు కిందే పోయినట్టే. చెక్కను రెండో చేతిలోకి మార్చుకున్నాడు. మళ్ళీ మొదటి చేతిలోకి తెచ్చుకున్నాడు.

"కాసేపు ఆగుతారా పెద్దాయనా?" అంది మేడమ్.

"వద్దండి. ఆగితే ఇక చేయలేను."

చెక్క మొనతో పుట్టీ అంచు లేపాడు. పెచ్చు ఊడి కింద పడింది. దాని వెనకే ఎర్రటి పొడి రాలింది.

"తుప్పు!" అన్నాడు తాత. "తుప్పు మేడమ్! చూడండి, తుప్పు!"

చూస్తున్నవాళ్ళకు అర్థం కాలేదు. ఒకడు ముసలాయనకు ఎండదెబ్బ తగిలిందేమో అన్నాడు. తుప్పుతో ఆజన్మ శత్రుత్వం ఉన్న మనిషి ఆ ఎర్రపొడిని వేలితో తీసి చూసుకుంటూ కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. జేబులోంచి పాత గుడ్డ తీసి, అరచేతి కింద పెట్టి, కళ్ళు మూసుకుని మెల్లగా జరిపాడు. అంకెలు కంటికి కనబడక ముందే చేతికి దొరికాయి.

నానమ్మ ఆసుపత్రిలో పడి ఉన్న ఆ రోజుల్లో, ఆయన గీకలేదు. తుప్పు దులపను కూడా లేదు. ఎలా ఉన్నది అలాగే ఉండగా పుట్టీ ముద్ద కొట్టి, పైకి మాత్రం నునుపు చేశాడు. బతుకంతా తిట్టిపోసిన చెత్తపని, ఆయన చేతుల మీదుగా జరిగింది ఆ ఒక్కసారే.

"అద్దం మేస్త్రీ, తుప్పు మీద పుట్టీ పెట్టావే!" అని అరిచాడు గొడుగాయన గేటు దగ్గర నుంచి. అందరూ నవ్వారు. తాత నవ్వలేదు. కోపం కూడా తెచ్చుకోలేదు.

మేడమ్ అంకెల మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దింది. అన్నీ వచ్చాయి, ఒక్కటి తప్ప. దాన్ని తుప్పు సగం తినేసింది. మూడో ఎనిమిదో తెలియడం లేదు. రికార్డులో ఎనిమిది అని ఉంది. మేడమ్ ఆ కాగితాన్ని ఎండకేసి పట్టుకుని చాలాసేపు చూసింది, మళ్ళీ వంగి టార్చి పక్కనుంచి వేసి చూసింది.

"ఎనిమిదే. ఎడమ అంచు కొంచెం మిగిలింది," అంది చివరికి. "ఇక ఈ చోట రంగు వేయకండి పెద్దాయనా. మీ చేతులకు గట్టిగా చెప్పండి."

ఆ తర్వాత కూడా కాగితం వెంటనే రాలేదు. ఆఫీసు కాగితం కదా, నత్త మీద ఊరేగింపు. ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదికి పాకి, తాత పేరుతో వచ్చేసరికి వానలు మొదలై ఆగిపోయాయి కూడా. కారు తెచ్చుకున్న మర్నాడే తాత మీట నొక్కి సీటు తిప్పాడు. నానమ్మ ఎక్కి కూర్చుంది. ఈసారి నవ్వలేదు గాని, దారంతా కిటికీలోంచి చూస్తూనే ఉంది. ఎప్పుడూ చూసే దుకాణాలే, కొత్తగా పెట్టినట్టు పేరు పేరునా చదివింది.

కసరత్తు చేయించే అతను నానమ్మ చేతిని చేతిలోకి తీసుకుని, ఒక్కో వేలూ లాగి చూశాడు.

"మళ్ళీ మొదటి నుంచి రావాలి బామ్మగారూ. ఈసారి రుమాలు దాకా వస్తామో లేదో... ప్రయత్నం చేద్దాం."

బయటికి వచ్చి కారులో కూర్చున్నాక తాత తాళం చెవి తిప్పలేదు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఎదర గోడ వైపు చూస్తూ ఉండిపోయాడు.

"ఆ రోజే కాగితం అడిగి ఉండాల్సింది," అన్నాడు.

"అడిగి ఉండాల్సింది. చెప్పాను కూడా," అంది నానమ్మ.

"నంబరు చోట కాగితం అంటించి ఉండాల్సింది."

"అది మీకు నేను చెప్పాలా? అప్పుడు నాకు తెలివి లేదు, మీకైనా ఉండాలిగా." అని, మళ్ళీ తనే, "నా దిగులుతో ఇంట్లో కూర్చోలేక చేశారు. తెలుసులెండి," అంది.

తాత పక్కకు తిరిగి ఆమె పిడికిలిని తన ఒళ్ళోకి తీసుకున్నాడు. కసరత్తు చేయించే అతను చూపించినట్టే, ముందు మణికట్టు నిమిరి, బొటనవేలి కింద తన వేలు దూర్చి మెల్లగా పైకి ఎత్తాడు. అది రాలేదు. మళ్ళీ నిమిరాడు. వెనక నిలబడ్డ బండివాడు హారను కొట్టాడు.

"దారికి అడ్డమున్నామండీ. కదలమంటున్నాడు."

"ఉండనీ."

హారను ఇంకోసారి గట్టిగా మోగింది. నానమ్మ అద్దంలోంచి వెనక్కి చూసి, "కాస్త ఆగవయ్యా, బండికి కాగితం ఉంది!" అని అరిచింది.

బొటనవేలు కొంచెం వదులైంది. తాత తల ఎత్తలేదు. చూపుడువేలు మొదలుపెట్టాడు.